దసరా నుంచి సంక్రాంతి దాకా తిండి విషయంలో ఏం చేస్తున్నారు? (బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి)

హెచ్‌ఎస్‌ఆర్_నివాసి
అందరికీ నమస్కారం. ఉగాదికి 86 కిలోలు ఉన్నాను, ఇప్పుడు 78. డాక్టరు గారు 72 దాకా రమ్మన్నారు, షుగరు బోర్డర్‌లో ఉంది, నాన్నకి కూడా షుగరే. ఇన్నాళ్ళూ పెద్దగా కష్టం అనిపించలేదు, పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఇంటి డబ్బా, సాయంత్రం అగర చెరువు చుట్టూ నడక, అంతే. ఇప్పుడు వరసపెట్టి మొదలవుతాయి కదా, ఆయుధ పూజకి ఆఫీసులో కడ్లెపురి (మరమరాలు), స్వీటు బాక్సు, దీపావళికి వెండర్ల బాక్సులు, నవంబరు 1న రాజ్యోత్సవం భోజనం, కార్తీకంలో మన తెలుగువాళ్ళ వనభోజనాలు, డిసెంబరంతా టీమ్ లంచ్‌లు, ఆఖరికి సంక్రాంతికి ఊరు. పండగ పూట నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు, తింటాను. కానీ ఫిబ్రవరిలో కాటా ఎక్కితే 82 కనిపించకూడదు. ఈ సీజన్ దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి. దయచేసి "కంట్రోల్ చేసుకో" అని మాత్రం అనొద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను.

మడివాళ_పీజీ
అన్నా, నన్ను అడిగితే పండగ రోజు గురించి టెన్షన్ వద్దు, ఆ తర్వాతి పది రోజుల గురించి ఆలోచించు. మా ఆఫీసులో దీపావళి బాక్సులన్నీ ప్యాంట్రీ గట్టు మీద పెడతారు, కాఫీ మెషిన్ పక్కనే. కాఫీకి వెళ్ళిన ప్రతిసారీ ఒక కాజూ కత్లీ ముక్క, దాని బరువు చేతికి తెలియదు, తిన్నట్టు కూడా గుర్తుండదు. మా ఫ్లోర్‌లో మేం అడ్మిన్‌ని అడిగి బాక్సులన్నీ అవతలి మూలనున్న మీటింగ్ రూమ్‌లోకి మార్పించాం, మూతలు పెట్టి. కావాలంటే లేచి వెళ్ళి తినొచ్చు, ఎవరూ ఆపరు. తినేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. నా పేరు మీద వచ్చిన బాక్సు మాత్రం పీజీకి తీసుకెళ్ళను, అదే రోజు సెక్యూరిటీ అన్నవాళ్ళకి, హౌస్‌కీపింగ్ అక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. సీలు తియ్యకుండా, తాజాగా ఉన్నప్పుడే ఇవ్వాలి, మనం తిని మిగిల్చినవి ఇవ్వడం మర్యాద కాదు.

పోషణ_డెస్క్
నేను డైటీషియన్‌ని, జయనగర్‌లో ప్రాక్టీసు. పై తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. ఒక్క పండగ రోజున మీ మామూలు తిండి కాక ఇంకో 7,700 పైన తినడం ఎవరివల్లా కాదు, గట్టిగా తిన్నా ఒక వెయ్యో పదిహేను వందలో ఎక్కువవుతాయి. మరి మర్నాడు కాటా కిలోన్నర ఎక్కువ ఎందుకు చూపిస్తుంది? నీళ్ళు. అన్నం, బెల్లం ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకునే పిండిపదార్థం) నిలవ పెరుగుతుంది, దాని ఒక్కో గ్రాము తనతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, పులిహోర, అప్పడాలు, ఆవకాయల్లోని ఉప్పు ఇంకాస్త పడుతుంది. మీ మామూలు తిండికి తిరిగి వస్తే మూడు నాలుగు రోజుల్లో అది దిగిపోతుంది.

ప్రమాదం ఎక్కడుందంటే ఆ మర్నాటి అంకె చూసి "అంతా పోయింది, ఇక సంక్రాంతి అయ్యాకే చూద్దాం" అనుకోవడంలో. నా దగ్గరికి జనవరి చివర్లో వచ్చేవాళ్ళలో చాలామంది ఆ మాటే చెబుతారు. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళని నవంబరు నుంచి జనవరి దాకా తూచి చూసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. అందరూ కిలోల లెక్కన పెరుగుతామని అనుకుంటారు కానీ సగటున పెరిగింది 0.37 కిలో మాత్రమే. అయితే ఆ కాస్తా తర్వాతి నెలల్లో తగ్గలేదు. ఏటా అంతంత చేరుతూ పోతే పదేళ్ళకి ఎంతవుతుందో చూసుకోండి. మన సీజన్ వాళ్ళకన్నా పొడుగు కూడాను.

అనంతపురం_అక్క
ఇక్కడ అందరూ తినేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, వండేవాళ్ళ సంగతి ఎవరైనా పట్టించుకుంటారా? విజయదశమికి మా ఇంట్లో ఓలిగలు. పొద్దున నాలుగున్నరకి లేస్తాం, బ్యాళ్ళు ఉడకేసి, బెల్లం వేసి రుబ్బి, పూర్ణం తీపి సరిపోయిందా అని వేలితో ఒకసారి, ఏలకులు వేశాక ఇంకోసారి, చిత్రాన్నంలో ఉప్పు చూడటానికి ఒక పిడికెడు, వడ వేగిందా అని తుంచి సగం, పెనం మీద చినిగిపోయిన ఓలిగ నైవేద్యానికి పనికిరాదని పక్కన పెట్టి పిల్లలకి సగం, మనకి సగం. పూజ అయ్యి, మగవాళ్ళకీ పిల్లలకీ పెట్టి, మనం కూర్చునేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటికి కడుపు మాడిపోయి ఉంటుంది, ఏం తింటున్నామో ఎంత తింటున్నామో తెలియదు, సాయంత్రం తలనొప్పి, దానికి రెండు కాఫీలు.

నేను మార్చింది ఒక్కటే, పొద్దున స్నానం కాగానే ఒక గ్లాసు మజ్జిగ, రెండు అరటిపళ్ళు. మా అత్తమ్మ పూజయ్యేదాకా ఏమీ ముట్టకూడదంటుంది, ఆమెతో కూర్చుని మాట్లాడాను, పళ్ళు, పాలు పరవాలేదని ఆమే అనింది. ఇంకోటి, ఇంట్లో మగవాళ్ళని అందరితో పాటు కూర్చోబెట్టకండి, ఒక పంక్తి వాళ్ళని వడ్డించమనండి. ఆడవాళ్ళు ఒంటిగంటకల్లా తింటే సగం సమస్య ఉండదు. ఇది బరువు తగ్గే చిట్కా కాదనుకుంటారేమో, ఇదే చిట్కా.

పోషణ_డెస్క్
అక్కా, మీరు రాసింది నేను ప్రింటు తీసి నా గదిలో అంటించుకోవాలి. వంటింట్లో చేసిన రుచి చూడటాలన్నీ కలిపితే ఒక పూట భోజనమంత అవుతుంది, అయినా ఎవరి లెక్కలోకీ రాదు. రుచి చూడటానికి టీ స్పూను పక్కన పెట్టుకోండి, గరిటెతో చేతిలో పోసుకోవద్దు.

గోదారి_పిల్ల
క్యాలరీల మాట వచ్చింది కాబట్టి నా లెక్క కూడా చెప్తాను. నెట్‌లో ఒక అరిసెకి ఒకరు 90 అంటారు, ఇంకొకరు 250 అంటారు, విసుగొచ్చి పోయిన సంక్రాంతికి మా అమ్మ చేస్తుంటే తూకం పట్టుకుని పక్కన కూర్చున్నాను. కిలో బియ్యం తడిపిండి, 750 గ్రాముల బెల్లం పాకం, 50 గ్రాముల నువ్వులు. నూనె బాండీలో పోసే ముందు తూచాం, అన్నీ వేయించాక చల్లార్చి మళ్ళీ తూచాం, 350 గ్రాములు తగ్గింది. వచ్చిన అరిసెలు 60. బియ్యం 3,500, బెల్లం 2,850, నువ్వులు 280 పైన, నూనె గ్రాముకి 9 చొప్పున 3,150. మొత్తం 9,800కి దగ్గర, అంటే ఒక్కో అరిసె 160 పైచిలుకు. సుమారు మూడు ఇడ్లీలంత.

చెక్కల మధ్య పెట్టి నొక్కినప్పుడు కారే నూనె మళ్ళీ బాండీలోకే పోతుంది కాబట్టి అది కూడా ఈ లెక్కలో ఉన్నట్టే. ఒక్క వాయి అమ్మ కావాలనే సరిగ్గా నొక్కకుండా తీసింది, పేపరు మీద పెడితే నూనె మరక అరచేయంత పాకింది. వత్తడం ఎంత ముఖ్యమో ఆ పేపరు చూస్తేనే తెలిసింది. నూనె సరిగ్గా కాగకముందే వేసినా అంతే, పీల్చేస్తాయి.

ఇప్పుడు నేను పండగ మూడు రోజులూ రోజుకి రెండు అరిసెలు తింటాను, హాయిగా, కూర్చుని, పాల మీగడ వేసుకుని మరీ. నిలబడి డబ్బాలోంచి తీసుకుని మాత్రం తినను.

స్ట్రిక్ట్_జీరో
నాకు ఈ "రెండు తింటాను" పద్ధతి పని చేయదు. ఒకటి నోట్లో పడితే ఐదు దాకా ఆగను. అందుకని తీపి పూర్తిగా మానేశాను, పండగైనా పెళ్ళైనా. మనసుకి ప్రశాంతంగా ఉంది. అందరూ అన్నీ మితంగా తినగలరని అనుకోవద్దు.

బసవనగుడి_తాతగారు
బాబూ స్ట్రిక్ట్, నీకు కుదిరితే సంతోషం, ఎవరి ఒళ్ళు వాళ్ళకి తెలుస్తుంది. నాకు 71. మా చిన్నతనంలో మా ఊళ్ళో అరిసె అంటే సంక్రాంతికే, బూరె అంటే పెళ్ళికో శ్రావణ శుక్రవారానికో. ఏడాదిలో మిగతా రోజులు జొన్నన్నం, పప్పు, మజ్జిగ. అందుకే పండగ నాడు కడుపునిండా తిన్నా చెల్లిపోయింది, పొలం పని కూడా ఉండేది. ఇప్పుడు నా మనవడికి జులైలో అరిసె కావాలన్నా ఫోను నొక్కితే అరగంటలో వస్తుంది. నేను చెప్పేది ఏమిటంటే, పండగ తిండి మీద పగబట్టవద్దు, మామూలు రోజుల తీపి మీద పట్టండి. మా ఇంట్లో పండగ లేని రోజుల్లో తీపి కొనం. గాంధీబజారు మీదుగా నడిచొచ్చేటప్పుడు ప్రతి కొట్టూ పిలుస్తుంది, అయినా కొనం. పండగ నాడు దేవుడికి పెట్టిన బొబ్బట్టు నెయ్యి వేసుకుని తింటాను, ఆ రుచి నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

హెచ్‌ఎస్‌ఆర్_నివాసి
తాతగారూ, మీ మాట చాలా బాగుంది, థ్యాంక్స్. నా ఫోన్లో స్వీటు షాపు ఆర్డర్లు ఎన్ని ఉన్నాయో ఇప్పుడే చూసుకుంటాను. ఇంకో సమస్య అడుగుతాను. దీపావళికి అత్తగారింటికి బనశంకరి వెళ్తాం. అక్కడ వద్దు అంటే బాధపడతారు. పైగా నేను తగ్గాను కదా, "అయ్యో, ఇలా చిక్కిపోయావేంటి నాయనా, మా అమ్మాయి పెట్టట్లేదా" అంటారు, మా ఆవిడకి అది గుచ్చుకుంటుంది. ఆవిడ మనసు కోసమైనా నేను తినాల్సి వస్తుంది.

కడప_కారం
ఇది అన్ని ఇళ్ళలోనూ ఉంది బావా. మా పిన్ని అయితే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తుంది, ప్రేమ అది. నాకు పనిచేసింది చెప్తా. వద్దు అనకూడదు. మొదట కొద్దిగా వడ్డించుకుని, నిదానంగా తిని, మారు వడ్డనకి వచ్చినప్పుడు "ఇది బ్రహ్మాండంగా కుదిరింది, ఇంకొంచెం పెట్టు" అని నువ్వే అడుగు, కూరో పప్పో. వాళ్ళకి కావాల్సింది మనం అడిగి పెట్టించుకోవడం. అది జరిగితే తీపి దగ్గర పట్టుపట్టరు. విస్తరి ఖాళీగా కనబడితేనే వడ్డిస్తారు, కాబట్టి చివరి ముద్ద పెరుగన్నం మిగిలేదాకా ఖాళీ చెయ్యకు.

ఇంకా ముఖ్యం, షుగరు సంగతి అత్తగారికి ముందే ఫోన్లో చెప్పెయ్యి. నువ్వే చెప్పు, మీ ఆవిడతో చెప్పించకు. "డాక్టరు తగ్గమన్నారు అత్తయ్యా, మీ అమ్మాయే దగ్గరుండి చూసుకుంటోంది" అను. పెట్టట్లేదనే మాట అక్కడితో ఆగిపోతుంది.

అనంతపురం_అక్క
ఆ చివరి మాట బాగా చెప్పినావు తమ్ముడూ. బరువు తగ్గినా పెరిగినా మాట పడేది ఆ ఇంటి ఆడపిల్లే.

ఇందిరానగర్_సూది
శ్రావణం నుంచి ఇంకో విషయం ఎవరూ రాయలేదు, వాయనంలో వచ్చే శనగలు. నానబెట్టినవి పది ఇళ్ళ నుంచి వస్తే కిలో దాటుతాయి. చాలామంది పారేస్తారు లేదా వడల్లో వేసేస్తారు. ఉడికించి ఆవాలు, ఎండుమిర్చి, కొబ్బరి తాలింపు వేస్తే రాత్రి భోజనం అయిపోతుంది. ఉడికిన శనగలు 100 గ్రాములకి 160 క్యాలరీలు, దాదాపు 9 గ్రాముల ప్రొటీన్. నవరాత్రుల్లో బొమ్మల కొలువు పేరంటాలకి కూడా ఇక్కడ గుగ్గిళ్ళే ఎక్కువ ఇస్తారు, అది మన అదృష్టం. కన్నడం వాళ్ళ ఇళ్ళలో ఆకులో ముందు వడ్డించే కోసంబరి కూడా అంతే, పెసరపప్పు, దోసకాయ, నిమ్మరసం. దాన్ని అన్నంలోకి నంచుకోకుండా ముందే తినేయండి, రెండోసారి అడిగి మరీ తినండి, ఆ తర్వాత అన్నం దానంతట అదే తగ్గుతుంది.

ఇన్సులిన్_వాడుతున్నవాణ్ణి
కార్తీక సోమవారాల గురించి ఒక హెచ్చరిక. పొద్దంతా ఉపవాసం ఉండి, సాయంత్రం నక్షత్రం చూశాక తింటే బరువు తగ్గుతుందని చాలామంది మొదలుపెడతారు. భక్తితో చేసేవాళ్ళని నేనేమీ అనను. కానీ ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఉండకూడదు. మందు పని చేస్తూ పోతుంది, తిండి ఉండదు, షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు మసకబారడం, మాట తడబడటం కనిపిస్తే ఉపవాసం అక్కడితో ఆపి వెంటనే చక్కెర నీళ్ళో గ్లూకోజో తాగాలి, పావుగంట తర్వాత మళ్ళీ షుగరు చూసుకోవాలి. మెలకువ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మందులు వాడని వాళ్ళకి కూడా, ఉపవాసం తర్వాత ఉప్పుడుపిండి, సగ్గుబియ్యం వడలు, బంగాళాదుంప వేపుడు పళ్ళెం నిండా తింటే మామూలు రోజుకన్నా ఎక్కువే అవుతుంది.

మడివాళ_పీజీ
బెల్లం అయితే షుగరు ఉన్నవాళ్ళకి పరవాలేదంటారు కదా? మా అమ్మ అన్నీ బెల్లంతోనే చేస్తుంది ఆరోగ్యం అని.

పోషణ_డెస్క్
రక్తంలో చక్కెర పెరగడం విషయంలో బెల్లానికీ పంచదారకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 100 గ్రాముల బెల్లం 380 క్యాలరీల దగ్గర, పంచదార 400. ఖనిజాలు కాస్త ఉంటాయి, వాటి కోసం తినాల్సినంత బెల్లం తింటే మిగతాది చెడుతుంది. తేనె కూడా ఇదే కోవలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, ఇలాంటి తీపి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు, ఐదు శాతం లోపు, అంటే సుమారు 25 గ్రాముల్లో ఉంటే ఇంకా మేలని. అమ్మగారికి రుచి కోసం బెల్లం ఇష్టమైతే బెల్లంతోనే చెయ్యనివ్వండి, ముక్క చిన్నది చెయ్యమనండి చాలు.

ఇంకోటి, నడిచి కరిగించేద్దాం అని తినేవాళ్ళకి, గంట సేపు గట్టిగా నడిస్తే 70 కిలోల మనిషికి 250 నుంచి 300 ఖర్చవుతాయి, పై అమ్మాయి లెక్క ప్రకారం రెండు అరిసెలు కూడా పూర్తిగా పోవు. నడక మానొద్దు, భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడిస్తే షుగరు ఎగబాకడం తగ్గుతుంది, దానికోసం నడవండి.

కోరమంగళ_నైట్‌షిఫ్ట్
డిసెంబరు సంగతి ఎవరైనా చెప్పండి. బఫే అంటే నాకు భయం. ఒక్కొక్కటీ కొంచెమే పెట్టుకుంటాను, చివరికి ప్లేటు కొండలా ఉంటుంది. మందు కూడా ఉంటుంది.

కడప_కారం
బఫేలో రకాలు ఎక్కువ ఉంటే ఎవరైనా ఎక్కువ తింటారు. ఒక రుచితో నోరు విసిగినా ఇంకో రుచికి మళ్ళీ ఆకలి పుడుతుంది, బిర్యానీతో కడుపు నిండిపోయిందన్నవాడు కూడా ఐస్‌క్రీమ్ తినేది అందుకే. ముందు ప్లేటు లేకుండా ఒక రౌండు తిరిగి అన్నీ చూసిరా. బెంగళూరులో ఏ రోజైనా దొరికే నూడుల్స్, ఫ్రైడ్ రైస్, పనీరు బటర్ మసాలా వదిలెయ్. నిజంగా తినాలనిపించిన మూడు తీసుకుని, కౌంటరుకి దూరంగా కూర్చో. మందు విషయానికొస్తే, 60 మిల్లీలీటర్ల విస్కీలో 140 క్యాలరీలు దాకా ఉంటాయి, పెద్ద బీరు సీసాలో 250కి అటూ ఇటూ, కానీ దానికన్నా దానితో వచ్చే మసాలా పల్లీలు, చికెన్ కబాబులే ముంచుతాయి. తాగాక చెయ్యి ఆగదు.

పోషణ_డెస్క్
నైట్‌షిఫ్ట్ గారూ, మీరు ముందు నిద్ర చూసుకోండి. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, తీపి మీదకీ వేపుళ్ళ మీదకీ మనసు పోతుంది. షిఫ్ట్ దిగి నేరుగా పార్టీకి వెళ్ళకండి. మందు మాట, షుగరు మాత్రలు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో తాగితే కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు.

స్ట్రిక్ట్_జీరో
కాటా సంగతి తేల్చండి. పండగల్లో తూచుకోవాలా వద్దా? నేను రోజూ తూచుకుంటాను.

పోషణ_డెస్క్
ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 272 మందితో చేసిన అధ్యయనం 2018 డిసెంబరులో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక గుంపుకి క్రిస్మస్ సీజన్‌లో వారానికి కనీసం రెండుసార్లు తూచుకుని రాసుకోమన్నారు, కొన్ని సలహాలు ఇచ్చారు, ఏ తిండి కరగాలంటే ఎంత నడవాలో ఒక పట్టిక ఇచ్చారు. వాళ్ళు సగటున 0.13 కిలో తగ్గారు, రెండో గుంపు 0.37 కిలో పెరిగింది. తేడా అర కిలోనే కానీ పండగల్లో అది మంచి ఫలితం. వారానికి రెండుసార్లు, పొద్దున్నే, ఏమీ తినకముందు, పండగ మర్నాడు మాత్రం వద్దు. అయితే కాటా అంకె చూసి రోజంతా పస్తులుండటం, తిన్నది కక్కెయ్యాలనిపించడం ఉంటే కాటా అటక మీద పెట్టేసి డాక్టరుతో మాట్లాడాలి. అది బరువు సమస్య కన్నా పెద్దది. స్ట్రిక్ట్ గారూ, ఒకటి తింటే ఐదు దాకా ఆగనన్నారు కదా, అది తరచుగా జరుగుతూ ఆ తర్వాత చాలా బాధ అనిపిస్తుంటే మీరు కూడా ఒకసారి ఎవరితోనైనా మాట్లాడండి, తప్పుగా అనుకోవద్దు.

స్ట్రిక్ట్_జీరో
తప్పుగా ఏమీ అనుకోలేదండీ. మీకు విడిగా మెసేజ్ పెడతాను.

హెచ్‌ఎస్‌ఆర్_నివాసి
దీపావళి అయ్యింది. అత్తగారికి ముందే ఫోన్ చేశాను. ఆవిడ నా కోసం విడిగా పెసరట్లు వేసి, బొబ్బట్లు అరచేయంత చిన్నవి చేశారు, రెండు తిన్నాను నెయ్యితో. ఆఫీసు బాక్సు ఆఫీసులోనే ఇచ్చేశాను. ఈ వారం కాటా 77.6. ఇక సంక్రాంతికి చీరాల వెళ్తాం, ఐదు రోజులు. వచ్చేటప్పుడు అమ్మ రెండు డబ్బాలు కట్టిస్తుంది, అరిసెలూ జంతికలూ, అవి ఇంట్లో ఫిబ్రవరి దాకా ఉంటాయి. అమ్మకి కట్టొద్దని చెప్పలేను.

గోదారి_పిల్ల
చెప్పొద్దు, తెచ్చుకోండి. బస్సు దిగిన రోజే పంచేయండి. మా అపార్ట్‌మెంటులో సంక్రాంతికి కన్నడం వాళ్ళు ఎళ్ళు బెల్ల ఇస్తారు, నువ్వులు, బెల్లం, కొబ్బరి, పల్లీలు, పుట్నాలు కలిపి, చెరుకు ముక్కతో సహా. తిరిగి ఇచ్చేందుకు మన దగ్గర ఏదో ఉండాలి కదా, అరిసెలు పట్టుకెళ్తాను. పోయినసారి మూడో అంతస్తు ఆంటీ అరిసె తిని ఇది మా కజ్జాయలాగే ఉందే అని చాలా సంతోషపడ్డారు. మనింటికి పదో పన్నెండో ఉంచుకుంటే చాలు.

అనంతపురం_అక్క
ఊళ్ళో ఉన్న ఐదు రోజులూ పొద్దున టిఫిను మాత్రం వదలొద్దు, వదిలితే పదకొండింటికి జంతికల డబ్బా దగ్గర తేల్తావు. కనుమ నాడు కోడికూరతో గారెలు ఉంటాయి కదా, కోడి బాగా తిను, గారెలు లెక్కగా తిను.

బసవనగుడి_తాతగారు
చీరాల నుంచి వచ్చాక అనపకాయల సీజను ఇంకా ఉంటుంది. మా ఇంటికి రండి, పితికిన అనపపప్పు, రాగిముద్ద పెడతాం. అరిసెలు నాకు నాలుగు చాలు, మా ఆవిడకి రెండు.

హెచ్‌ఎస్‌ఆర్_నివాసి
తప్పకుండా వస్తాను తాతగారూ. మడివాళ తమ్ముడూ, నువ్వు అగర చెరువుకి దగ్గరే కదా, జనవరిలో వచ్చాక శనివారాలు పొద్దున ఆరుకి కలిసి నడుద్దామా? నీకూ ఒక డబ్బా తెస్తాను.

మడివాళ_పీజీ
వస్తానన్నా. డబ్బాలో జంతికలు ఎక్కువ పెట్టు, మా రూమ్‌లో నలుగురం ఉన్నాం.